ఒనిచా మెయిన్ మార్కెట్: ప్రభుత్వం చెయ్యాల్సిన పనులు ఒక బజారు నెత్తిన పడితే

నైజీరియా అనగానే లాగోస్ గురించో ఆయిల్ గురించో మాట్లాడతారు తప్ప ఒనిచా పేరు మన దగ్గర పెద్దగా ఎవరూ విని ఉండరు. కానీ నైజీరియా తూర్పు వైపు ఏ చిన్న ఊళ్ళో షాపు పెట్టుకున్నవాడినైనా, పక్కనున్న కామెరూన్‌లో బట్టలమ్ముకునేవాడినైనా సరుకు ఎక్కణ్ణించి తెస్తున్నావని అడిగితే చెప్పే పేర్లలో ఇదొకటి. నైజర్ నది తూర్పు ఒడ్డున, అనంబ్రా రాష్ట్రంలో, ఇగ్బో అనే జాతి జనం ఉండే ప్రాంతంలో ఉంటుంది. నదికి దగ్గర్లో మెయిన్ మార్కెట్, దాని చుట్టూ ఇంకో అరడజను పైగా మార్కెట్లు, వాటి చుట్టూ ఊరు. ఊరు పెరిగితే మార్కెట్ రావడం మామూలు, ఇక్కడ మాత్రం మార్కెట్ ఉంది కాబట్టే ఊరు ఇంత అయ్యింది.

ఎంత అయ్యింది అంటే దానికీ సరైన జవాబు లేదు. 2006 జనాభా లెక్కల ప్రకారం ఒనిచా నార్త్, సౌత్ అనే రెండు లోకల్ గవర్నమెంట్ ఏరియాలు కలిపితే రెండున్నర లక్షల పైచిలుకు మంది. అదే శాటిలైట్ ఫోటోలు చూసి ఎక్కడిదాకా ఇళ్ళు కలిసిపోయి ఉన్నాయో లెక్కేసే ఆఫ్రికాపోలిస్ వాళ్ళు మొత్తం ఆ పట్టణ ప్రాంతానికి 80 లక్షల దాకా చెప్తారు. రెండూ వేరువేరు హద్దులకి వేసిన లెక్కలే, అయినా ఇంత తేడా ఉందంటే ఊరు తన గీత దాటి ఎప్పుడో పారిపోయిందని, ప్రభుత్వం కాగితాల్లో మాత్రం ఇంకా పాత గీత దగ్గరే కూర్చుందని అర్థం. ఈ విషయం గుర్తుపెట్టుకుంటే కింద రాసేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

"ఆఫ్రికాలోనే అతి పెద్ద మార్కెట్", "వెస్ట్ ఆఫ్రికాలో నంబర్ వన్" అని ఒనిచా గురించి రాసే ప్రతివాళ్ళూ మొదలుపెడతారు. దేన్ని కొలిచి చెప్తారో, ఎవరు కొలిచారో ఎక్కడా ఉండదు. సైజు గురించి కొట్టుకోవడం కన్నా ఆ మార్కెట్ రోజూ చేసే పనులేంటో చూస్తే ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ జరిగేది అమ్మకం కొనుగోలు ఒక్కటే కాదు, బ్యాంకు పని, కాలేజీ పని, కోర్టు పని, ఒక్కోసారి పోలీసు పని కూడా ఆ బజారే చేసుకుంటుంది. అలా చేసుకోవాల్సి రావడమే దాని బలం, అదే దాని జబ్బు కూడా.

ముందు నది సంగతి. నైజర్, బెన్యూ నదులు లొకోజా దగ్గర కలిసి దక్షిణానికి దిగుతాయి, ఆ దారిలో తూర్పు గట్టు మీద ఎత్తైన చోట ఒనిచా ఉంది. ఎగువ నుంచి ఇగలా వాళ్ళు, ఉత్తరాది వ్యాపారులు, దిగువ డెల్టా నుంచి చేపలు, ఉప్పు తెచ్చేవాళ్ళు, లోపలి ఇగ్బో ఊళ్ళ నుంచి యామ్ దుంపలు, పామాయిల్ మోసుకొచ్చేవాళ్ళు, అందరికీ కలుసుకోవడానికి వీలైన రేవు అది. ఇగ్బోలకి వారం అంటే నాలుగు రోజులే, ఎకె, ఒరియె, అఫొ, న్క్వొ, ఏ ఊరి సంత ఏ రోజో వీటిని బట్టే నడుస్తుంది. తెల్లవాళ్ళు రాకముందు మార్కెట్ మీద పెత్తనం ఆడవాళ్ళది, ఓము అనే పదవిలో ఉన్న స్త్రీ ఆధ్వర్యంలో మార్కెట్ రూల్స్, తగాదాలు నడిచేవి. ఈ సంగతి ఇప్పుడు మెయిన్ మార్కెట్‌లో వరసల నిండా మగ వ్యాపారులనే చూసేవాళ్ళకి నమ్మబుద్ధి కాదు.

1857లో బ్రిటిష్ వ్యాపారి మాక్‌గ్రెగర్ లెయిర్డ్ పంపిన స్టీమర్‌తో పాటు చర్చి మిషన్ వాళ్ళు కూడా దిగారు, అందులో శామ్యూల్ అజాయి క్రౌథర్ ఉన్నాడు, చిన్నప్పుడు బానిసగా అమ్ముడుపోయి విడుదలై తర్వాత మొదటి ఆఫ్రికన్ ఆంగ్లికన్ బిషప్ అయినాయన. బైబిలూ గోడౌనూ ఒకే పడవలో వచ్చాయి అన్నమాట. వ్యాపారం బాగా సాగింది కానీ ధరల దగ్గర, పెత్తనం దగ్గర గొడవలూ పెరిగాయి, 1879లో బ్రిటిష్ నేవీ ఏకంగా ఊరి మీద ఫిరంగులు పేల్చింది. 1886లో రాయల్ నైజర్ కంపెనీ అనే బ్రిటిష్ కంపెనీకి చార్టర్, అంటే రాజముద్ర ఉన్న అనుమతి, వచ్చాక నది మీద వ్యాపారం దాదాపు వాళ్ళ గుత్తే, వాళ్ళ హెడ్‌క్వార్టర్స్ నదికి అవతలి ఒడ్డున అసాబాలో. ఒనిచా వ్యాపారి పాఠాలు నేర్చుకుంది అక్కణ్ణుంచే, పెద్ద కంపెనీ దగ్గర టోకున కొని లోపలి ఊళ్ళలో చిల్లరగా అమ్మడం, కంపెనీ ధర పెంచితే పక్కదారి వెతుక్కోవడం, పైన ఎవరు కూర్చున్నా మన దగ్గరికి పన్ను కోసమే వస్తాడని ముందే లెక్కేసుకోవడం.

1950ల మధ్యలో అప్పటి ఈస్టర్న్ రీజియన్ కాలంలో నది పక్కన పెద్ద పక్కా మార్కెట్ కట్టారు, వేల స్టాల్స్‌తో. తర్వాత 1965 చివరికి నైజర్ మీద వంతెన పూర్తయింది, ఫ్రాన్స్ కంపెనీ డ్యుమే కట్టింది, దాంతో అప్పటిదాకా ఫెర్రీ మీద దాటాల్సిన లారీలు లాగోస్ వైపు నుంచి నేరుగా రావడం మొదలైంది. మార్కెట్ బిల్డింగ్, వంతెన రెండూ పదేళ్ళ లోపలే వచ్చాయి, ఆ కాలంలో ఒనిచా ఊపు మామూలుగా లేదు.

ఆ ఊపులోంచే ఎవరూ అనుకోని ఇంకో సరుకు పుట్టింది, పుస్తకాలు. ఒనిచా మార్కెట్ లిటరేచర్ అని పేరుపడిన ఆ చిన్న చిన్న పాంఫ్లెట్లు 1940ల చివరి నుంచి 60ల దాకా జోరుగా అమ్ముడయ్యాయి. ప్రేమలేఖలు ఎలా రాయాలి, డబ్బెలా సంపాదించాలి, పట్నం అమ్మాయిల్ని నమ్మొచ్చా, ఇంగ్లీషులో ఉపన్యాసం ఎలా ఇవ్వాలి, ఇవీ టాపిక్స్. రాసింది స్కూలు టీచర్లు, క్లర్కులు, కుర్ర విలేకర్లు, అచ్చేసింది మార్కెట్ చుట్టుపక్కల చిన్న ప్రెస్సులు, కొన్నది అప్పుడే చదవడం వచ్చిన షాపు కుర్రాళ్ళు, లారీ డ్రైవర్లు. ఇంగ్లీషు అడ్డదిడ్డంగా ఉంటుంది, కథలు అంతకన్నా, కానీ పబ్లిషర్ దయ లేకుండా, యూనివర్సిటీ సర్టిఫికెట్ లేకుండా జనం జనం కోసం రాసుకుని అమ్ముకున్న సాహిత్యం అది. ఇప్పుడు వాటిని అమెరికన్ యూనివర్సిటీలు లైబ్రరీల్లో దాచుకుని పరిశోధన చేస్తున్నాయి, అప్పుడు సబ్బులూ గుడ్డలూ అమ్మే చోటే అమ్ముకునేవాళ్ళు. ఆ వాసన ఇంకా పోలేదని చెప్పొచ్చు, తర్వాత వీడియో సినిమాల కాలంలో కూడా ఒనిచాలో ఇవెకా రోడ్ నైజీరియా సినిమా క్యాసెట్ల, సీడీల పంపిణీకి పెద్ద అడ్డా అయ్యింది.

ఇక యుద్ధం. 1966లో ఉత్తర నైజీరియాలో ఇగ్బోల మీద ఊచకోతలు జరిగాక లక్షల మంది సొంత ప్రాంతానికి తిరిగొచ్చారు, 1967లో ఆ తూర్పు ప్రాంతం బయాఫ్రా అనే వేరే దేశంగా విడిపోతున్నట్టు ప్రకటించింది, యుద్ధం మొదలైంది. ఆ అక్టోబర్‌లో వెనక్కి తగ్గుతున్న బయాఫ్రా సైన్యం రెండేళ్ళు కూడా నిండని వంతెనని పేల్చేసింది. ముర్తలా మహమ్మద్ నాయకత్వంలో నైజీరియా ఫెడరల్ సైన్యం పడవల్లో నది దాటి ఊళ్ళోకి వచ్చింది, ఆ దాడిలో మార్కెట్ తగలబడిపోయింది. అప్పటికి వాళ్ళని వెనక్కి తరిమారు గానీ 1968 మార్చిలో ఊరు ఫెడరల్ చేతికి పోయింది.

1970 జనవరిలో యుద్ధం ముగిసేనాటికి ఒనిచా వ్యాపారి పరిస్థితి ఏంటంటే, షాపు లేదు, సరుకు లేదు, వంతెన తాత్కాలిక మరమ్మతులతో ఉంది, చేతిలో ఉన్నది చెల్లని బయాఫ్రా నోట్లు. దాని మీద పిడుగులాగా 20 పౌండ్ల నిర్ణయం వచ్చిపడింది, బ్యాంకులో ముందు ఎంతున్నా సరే, ఒక్కో ఖాతాదారుకి 20 పౌండ్లు, అంతే. ఇంకో రెండేళ్ళకి 1972లో విదేశీ కంపెనీల వాటాలు నైజీరియన్లకి అమ్మాలని ఇండీజనైజేషన్ డిక్రీ వచ్చింది, కొనడానికి దేశంలో మిగతావాళ్ళ దగ్గర అంతో ఇంతో డబ్బుంది, ఇగ్బోల చేతిలో ఆ 20 పౌండ్లే. సర్కారు ఉద్యోగాలు, సైన్యం, పెద్ద కంపెనీల్లో వాటాలు, అన్ని తలుపులూ దాదాపు మూసుకుపోయాయి. మిగిలింది వ్యాపారం.

ఇక్కడే అసలు ప్రశ్న. గోడలు కాలిపోయి, పెట్టుబడి సున్నా అయ్యి, బ్యాంకు సాయం లేకుండా, పదిహేను ఇరవై ఏళ్ళలో మార్కెట్ మళ్ళీ ముందుకన్నా పెద్దదెలా అయ్యింది? మార్కెట్ బిల్డింగ్‌ని ప్రభుత్వం మళ్ళీ కట్టించింది నిజమే, కానీ బిల్డింగులు కట్టి ఖాళీగా పెట్టిన మార్కెట్లు నైజీరియాలో ఎన్నో ఉన్నాయి, మన దగ్గరా ఉన్నాయి. ఒనిచాలో కాలిపోనిది ఒకటుంది, అది ఒక మనిషి ఇంకో మనిషికి సరుకు అప్పిచ్చే అలవాటు, దాని వెనకున్న శిష్యరికం పద్ధతి. ఇగ్బోలు దాన్ని ఇగ్బా బోయ్ అంటారు.

పద్ధతి ఇలా ఉంటుంది. ఊళ్ళో పన్నెండు నుంచి ఇరవై మధ్య వయసు కుర్రాణ్ణి తల్లిదండ్రులు పట్నంలో వ్యాపారం చేసే బంధువుకో, తమ ఊరివాడికో అప్పగిస్తారు. ఆయన ఓగా, వీడు బోయ్. ఎన్నేళ్ళు అనేది ముందే అనుకుంటారు, మామూలుగా ఐదు నుంచి ఎనిమిదేళ్ళు. జీతం ఉండదు, తిండి, బట్ట, ఉండే చోటు ఓగావే. మొదటి ఏడాది రెండేళ్ళు షాపు ఊడవడం, మూటలు మొయ్యడం, ఓగా ఇంట్లో పనులు, తర్వాత కౌంటర్ మీదకి రావడం, ధర చెప్పడం, బేరం ఎక్కడ ఆపాలో ఎక్కడ వదలాలో తెలుసుకోవడం, ఆ తర్వాత లాగోస్ వెళ్ళి సరుకు తేవడం, నమ్మకం బాగా కుదిరితే ఒక బ్రాంచి షాపు తాళాలు చేతికి రావడం. గడువు పూర్తయ్యాక ఓగా వాణ్ణి "సెటిల్" చెయ్యాలి, అంటే కొంత డబ్బో సరుకో ఇచ్చి, షాపుకి అద్దె కట్టి, సొంతంగా నిలబెట్టాలి. దీని కోసం చిన్న ఫంక్షన్ లాంటిది కూడా చేస్తారు.

దీన్ని బయటివాళ్ళు స్టార్టప్ ఇంక్యుబేటర్ అని ఈమధ్య తెగ పొగుడుతున్నారు, మేనేజ్‌మెంట్ పత్రికల్లో వ్యాసాలొచ్చాయి. పొగడ్త పూర్తిగా తప్పు కాదు. ఓగా తన పక్కనే తనలాంటి సరుకే అమ్మే పోటీదారుణ్ణి తన డబ్బుతో తయారు చేస్తున్నాడు, మామూలు వ్యాపార లెక్కలో ఇది పిచ్చితనం. కానీ నిజంగా జరిగేదేంటంటే సెటిల్ అయిన కుర్రాడు మొదట్లో ఓగా దగ్గరే సరుకు అప్పుకి తీసుకుంటాడు, ఓగాకి కంటెయినర్ నింపడానికి ఇంకో ముగ్గురు తోడు కావాలంటే తన దగ్గర పెరిగినవాళ్ళే తోడవుతారు, రేపు ఓగా వ్యాపారం దెబ్బతింటే పాత బోయ్‌లే నిలబెడతారు. ఐదారుగురిని సెటిల్ చేసిన మనిషికి మార్కెట్‌లో ఉండే పరపతి ఏ బ్యాంకు గ్యారంటీకీ రాదు. 1970లో డబ్బు లేని చోట నడిచింది ఈ పరపతే, ఎవడి దగ్గరో నాలుగు బేళ్ళ గుడ్డ దొరికితే అది పదిమంది చేతుల్లో అప్పు మీద తిరిగి డబ్బుగా మారి వెనక్కొచ్చేది.

కానీ పొగిడేవాళ్ళు వదిలేసే వైపు కూడా చూడాలి. ఏడో ఏడు దగ్గరకొచ్చేసరికి కుర్రాడి మీద దొంగతనం నెపం వేసి ఖాళీ చేతుల్తో పంపించే ఓగాలు కొత్తేమీ కాదు, ఒప్పందం నోటి మాటే కాబట్టి వాడు ఎక్కడికీ పోలేడు, ఊరి పెద్దల దగ్గరో కులబంధువుల దగ్గరో పంచాయితీ పెట్టుకోవాలి. ఇటు నుంచి గల్లా పెట్టెలో చెయ్యి పెట్టే బోయ్‌లు కూడా ఉంటారు, ఓగాలని అడిగితే ఆ కథలే చెప్తారు. చదువు మానేసి మార్కెట్‌కి పోయే మగపిల్లలు ఎక్కువయ్యారనే బెంగ ఆగ్నేయ రాష్ట్రాల్లో చాలా ఏళ్ళుగా ఉంది. ఆడపిల్లలకైతే ఈ నిచ్చెన మొదటి మెట్టు కూడా సరిగా దొరకదు, కుట్టుపని, హెయిర్ డ్రెస్సింగ్ లాంటి వాటిల్లో నేర్చుకునే పద్ధతి ఉంది గానీ దానికి వాళ్ళే ఫీజు కట్టాలి, చివర్లో సెటిల్‌మెంట్ ఉండదు. ఒకప్పుడు ఓము నడిపిన మార్కెట్‌లో ఆడవాళ్ళు ఇప్పుడు ఎక్కువగా ఒసె మార్కెట్ వైపు, మిరపకాయలు, ఎండుచేపలు, కూరగాయలు అమ్మే వైపు కనిపిస్తారు, కంటెయినర్ సరుకు దాదాపు మగవాళ్ళ చేతిలోనే ఉంది.

అప్పు సంగతి ఇంకొంచెం చూస్తే, బ్యాంకులు మార్కెట్ చుట్టూ వరసగా ఉన్నాయి, కానీ వాటి పని ఎక్కువగా డబ్బు దాచుకోవడం, పంపడం. పెట్టుబడి వచ్చేది ఇసుసు అనే చీటీల ద్వారా, మన చీటీ పాటల పద్ధతే దాదాపు, తలా కొంత వేసి వంతులవారీగా ఎత్తుకోవడం, ఇంకా ఊరి సంఘాల ద్వారా, అన్నిటికన్నా ఎక్కువగా సరుకు అప్పు ద్వారా. అప్పు ఎగ్గొడితే కోర్టు నోటీసు రాదు, వాడి ఊరికి, వాడి సంఘానికి, వాడి చర్చికి కబురు వెళ్తుంది. పెళ్ళి సంబంధాలు కూడా చెడతాయి. రికవరీ ఏజెంట్ అక్కర్లేని సిస్టమ్, కాకపోతే ఆ ఊళ్ళతో ఆ సంఘాలతో సంబంధం లేని పరాయివాడికి ఈ అప్పు గేటు తెరుచుకోదు, అదే దీని హద్దు.

మార్కెట్ లోపల సరుకుని బట్టి వరసలుంటాయి, ప్రతి వరసకీ ఒక యూనియన్, చైర్మన్, సెక్రటరీ, వీటన్నిటి మీదా పెద్ద సంఘం, ఒమాటా అని. స్టాల్ గొడవలు, పక్కవాడి కస్టమర్ని లాక్కున్న గొడవలు, చెల్లని చెక్కులు, కల్తీ సరుకు, ఇవన్నీ ముందు యూనియన్ ఆఫీసులోనే తేలాలి, డైరెక్టుగా పోలీస్ స్టేషన్‌కి పోయినవాణ్ణి మంచిగా చూడరు. ఎలక్షన్లు ఉంటాయి, రాష్ట్ర ప్రభుత్వాలు తమ మనుషుల్ని కేర్‌టేకర్లుగా కూర్చోబెట్టే ప్రయత్నాలూ ఉంటాయి, ఎందుకంటే యూనియన్ చేతిలో డబ్బూ ఉంది ఓట్లూ ఉన్నాయి.

ఈ సొంత పాలన ఎక్కడిదాకా పోగలదో 2000లో కనిపించింది. 1990ల చివరికి ఒనిచాలో దొంగలు పట్టపగలు మార్కెట్ల మీద పడేవాళ్ళు, లాగోస్ వెళ్ళే బస్సుల్లో డబ్బు పట్టుకెళ్ళే వ్యాపారుల్ని దోచి చంపేవాళ్ళు, పోలీసులు దేనికీ పనికిరాలేదు. ఇగ్బోల ప్రాంతంలోనే ఉన్న అబా అనే ఇంకో ఊళ్ళో చెప్పులు కుట్టే వ్యాపారులు తయారుచేసుకున్న బకాసీ బోయ్స్ అనే దళాన్ని ఒనిచా వ్యాపారులు పిలిపించుకున్నారు, అప్పటి గవర్నర్ చిన్వోకె ఎంబాడినుజు ప్రభుత్వం చట్టం చేసి దానికి అధికారిక ముద్ర కూడా వేసింది. దొంగతనాలు ఒక్కసారిగా తగ్గాయి. ఎలా తగ్గాయంటే అనుమానం ఉన్నవాణ్ణి పట్టుకొచ్చి విచారణ పేరుతో హింసించి, నడిరోడ్డు మీద కత్తులతో నరికి తగలబెట్టడం వల్ల. జనం చప్పట్లు కొట్టారు, వ్యాపారులు చందాలు ఇచ్చారు, తర్వాత అదే దళం రాజకీయ నాయకులు వేలు చూపించినవాళ్ళ మీద కూడా పడింది. హ్యూమన్ రైట్స్ వాచ్ 2002లో దీని మీద వివరంగా రిపోర్ట్ ఇచ్చింది, ఆ ఏడాదే ఫెడరల్ పోలీసులు వాళ్ళ సెంటర్లు మూయించారు. మార్కెట్‌కి భద్రత కావాలన్నది న్యాయమైన కోరికే, కానీ కోర్టూ జైలూ లేకుండా కత్తి ఒక్కటే కొనుక్కుంటే వచ్చేది అదే.

సొంతంగా చేసుకోలేని పని దగ్గర ఇంకోలా దెబ్బ తగులుతుంది. 2019 అక్టోబర్ 16న అప్పర్ ఇవెకా దగ్గర పెట్రోల్ ట్యాంకర్ పడిపోయింది, పెట్రోల్ కాలవల్లో పారుకుంటూ పోయి ఒచంజా మార్కెట్ దాకా అంటుకుంది, బిల్డింగులు, గోడౌన్లు బూడిదయ్యాయి, ఒక తల్లీ పసిబిడ్డా చనిపోయారు. లక్షల మంది తిరిగే ఊళ్ళో ఫైర్ సర్వీస్ టైముకి అక్కరకి రాలేదు, వంతెన అవతల వేరే రాష్ట్రమైన డెల్టాలోని అసాబా నుంచి ఇంజన్లు రావాల్సి వచ్చింది. ఇదే మార్కెట్లలో రోజూ తెల్లారేసరికి టికెట్ పుస్తకాలు పట్టుకుని లోడింగ్ ఫీజు, పార్కింగ్ ఫీజు, శానిటేషన్ ఫీజు అంటూ వసూలు చేసే కుర్రాళ్ళు, అక్కడి మాటలో అగ్బెరోలు, వరసగా నిలబడి ఉంటారు. బండి తోసేవాడు కూడా కట్టాలి. ఆ డబ్బులో ఎంత ఖజానాకి చేరుతుందో ఎంత దారిలో ఇంకిపోతుందో ఎవరూ తేల్చరు. ఒకప్పుడు సెంట్రల్ బ్యాంక్ గవర్నర్‌గా చేసిన చుక్వుమా సొలుడో 2022లో అనంబ్రా గవర్నర్ అయ్యాక అగ్బెరోలని నిషేధిస్తున్నట్టు చెప్పాడు, అంత పెద్ద ఆర్థికవేత్తకి కూడా మొదటి పనుల్లో ఒకటి బస్టాండ్లో టికెట్ కుర్రాళ్ళని తరమడం అయ్యిందంటే సమస్య ఏ లెవెల్లో ఉందో ఊహించుకోవచ్చు.

సరుకు విషయంలో ఇండియాతో, అందులోనూ తెలుగు నేలతో ఒక పాత లింకుంది. ఇగ్బో ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకి పేరంటాలకి కట్టుకునే ఖరీదైన చుట్టుగుడ్డ పేరు జార్జ్, మద్రాసు సెయింట్ జార్జ్ కోట నుంచే ఆ పేరొచ్చిందని చెప్తారు. కోరమాండల్ తీరంలో నేసిన గళ్ళ నూలు గుడ్డలు, రియల్ మద్రాస్ హాండ్‌కర్చీఫ్ అనే ఎక్స్‌పోర్ట్ పేరుతో శతాబ్దాల పాటు నైజర్ డెల్టాకి వెళ్ళాయి, దిగువన కలబారీ వాళ్ళు వాటిని ఇంజిరీ అని పిలుచుకుని, దారాలు కోసి తీసేసి కొత్త డిజైన్లు చేసుకునేవాళ్ళు. మన చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద కూడా ఈ రుమాళ్ళు నేశారు. నైజీరియా ప్రభుత్వం బట్టల దిగుమతి మీద ఆంక్షలు పెట్టినప్పుడల్లా ఇక్కడ మగ్గాలు ఆగేవి, అక్కడ నది ఒడ్డున ఎవరో కట్టుకునే గుడ్డ మీద ఇక్కడ ఎవరి ఇంట్లో పొయ్యి వెలిగేదో నేసేవాళ్ళకి కూడా సరిగా తెలిసుండదు.

ఇప్పుడు ఇండియా నుంచి ఒనిచా చేరే వాటిలో అందరి కంటికీ కనపడేవి ఆటోలు, అక్కడ కెకె అంటారు, బజాజ్, టీవీఎస్ బండ్లే రోడ్ల నిండా. మందులది ఇంకో కథ. వంతెన మొదట్లో ఉన్న బ్రిడ్జ్‌హెడ్ దగ్గర ఒగ్బొ ఒగ్వు అనే మందుల మార్కెట్, దేశం మొత్తానికి మందులు వెళ్ళే కొద్ది సెంటర్లలో ఒకటి. ఇండియా, చైనా నుంచి వచ్చే జెనరిక్ మందులు, వాటితో పాటు నకిలీవీ కాలం చెల్లినవీ ఎండలో డబ్బాల్లో పేరుకుని, ఫార్మసిస్టు లేకుండా టోకున అమ్ముడవుతాయి. మందుల నియంత్రణ సంస్థ నాఫ్డాక్‌కి 2001 నుంచి 2008 దాకా హెడ్‌గా చేసిన డోరా అకున్యిలి స్వయంగా అనంబ్రా మనిషి, నకిలీ ఇన్సులిన్ వల్ల చెల్లెల్ని పోగొట్టుకుంది. కొన్ని ఇండియన్, చైనీస్ కంపెనీల మందులు దేశంలోకి రాకుండా ఆపించింది, 2003లో ఆమె కారు మీద కాల్పులు జరిగితే బుల్లెట్ తలగుడ్డని చీల్చుకుంటూ పోయింది, 2007లో ఒనిచా మందుల మార్కెట్‌ని కొన్నాళ్ళు మూయించింది కూడా. అయినా 2025 ఫిబ్రవరిలో నాఫ్డాక్ మళ్ళీ వచ్చి మళ్ళీ అదే మార్కెట్‌ని సీల్ చేసి లారీల కొద్దీ సరుకు పట్టుకెళ్ళాల్సి వచ్చింది. నోటి మాట మీద నమ్మకంతో నడిచే పద్ధతి గుడ్డకి, ప్లాస్టిక్ బకెట్‌కి సరిపోతుంది, ఎందుకంటే కొన్నవాడు చూసి, తడిమి తెలుసుకోగలడు. మాత్ర లోపల ఏముందో ఓగాకీ తెలియదు బోయ్‌కీ తెలియదు, అక్కడ ల్యాబ్ కావాలి, ఇన్‌స్పెక్టర్ కావాలి, మార్కెట్ తనంతట తాను చేసుకోలేని పని అది.

కంటెయినర్లు దిగేది సముద్రం ఒడ్డున లాగోస్ పోర్టుల్లో, అక్కణ్ణుంచి ఒనిచాకి రోడ్డు మీద సుమారు 450 కిలోమీటర్లు, దారి పొడవునా చెక్‌పోస్టులు, ప్రతి చోటా చెయ్యి చాచేవాళ్ళు. నది పక్కనే ఉన్న ఊరికి సరుకు లారీలో రావడం ఏంటని ఎవరైనా అడుగుతారు. 1983లో కట్టిన రివర్ పోర్ట్ ఉంది, 2012లో ప్రెసిడెంట్ గుడ్‌లక్ జోనాథన్ బాగుచేయించి మళ్ళీ రిబ్బన్ కట్ చేశాడు, కానీ నదిలో ఏడాదంతా బార్జిలు నడిచేంత లోతు లేక, పూడిక తీత మాటలకే పరిమితమై, అది ప్రారంభోత్సవాలకే ఎక్కువ పనికొచ్చింది.

దాని మీద నైరా గొడవ ఒకటి, మనకి రూపాయి ఎలాగో నైజీరియాకి నైరా అలాగ. 2015లో సెంట్రల్ బ్యాంక్ 41 రకాల దిగుమతి సరుకులకి డాలర్లు ఇచ్చేది లేదని లిస్టు పెట్టింది, దిగుమతిదారులు బ్లాక్ మార్కెట్‌కి పోయారు, 2023లో ఆ లిస్టు ఎత్తేశారు కానీ ఆ ఏడాది జూన్‌లోనే నైరాని మార్కెట్‌కి వదిలేయడంతో డాలర్ 460 చిల్లర నుంచి ఏడాది తిరక్కముందే 1500 దాటింది. చైనాలో గ్వాంగ్‌జౌలో సరుకు ఆర్డర్ పెట్టినవాడికి అది ఒనిచా చేరేలోపు పెట్టుబడే మారిపోతుంటే సరుకు అప్పివ్వడం కష్టం, ఈరోజు ధరకి అప్పిస్తే మూడు నెలల తర్వాత వచ్చే డబ్బుతో అదే సరుకు సగం కూడా రాదు. యుద్ధం చెయ్యలేని పని ఈ ద్రవ్యోల్బణం చేస్తోందని అనిపిస్తుంది, అప్పు గొలుసుని నేరుగా తెంపేది ఇదే.

ఇంకోటి సోమవారాలు. బయాఫ్రా వేర్పాటు సంస్థ ఐపాబ్ నాయకుడు న్నమ్‌డి కానుని అరెస్ట్ చేసినందుకు 2021 ఆగస్టు నుంచి ప్రతి సోమవారం ఇంట్లోనే ఉండాలని పిలుపిచ్చారు, తర్వాత సంస్థే వెనక్కి తీసుకున్నామన్నా భయంతో షాపులు తెరవడం మానేశారు. వారానికి ఆరు రోజుల వ్యాపారంలో ఒక రోజు మూతంటే ఆరో వంతు పోయినట్టే, దూరం నుంచి వచ్చే కొనుగోలుదారుడు ఆదివారం రాత్రి బస్సెక్కడం మానేసి లాగోస్ వైపో అబా వైపో చూసుకుంటాడు.

గాలి గురించి ఒక్క మాట, 2016లో డబ్ల్యూహెచ్‌ఓ డేటాబేస్‌లో పీఎం10, అంటే గాలిలో ఉండే సన్నటి ధూళి లెక్కన ప్రపంచంలోనే అధ్వాన్నమైన ఊరిగా ఒనిచా పేరొచ్చింది, క్యూబిక్ మీటరుకి 594 మైక్రోగ్రాములు, ఉండాల్సింది అప్పటి లెక్కన 20. పాత డీజిల్ లారీలు, కరెంట్ లేక ప్రతి షాపు ముందూ జనరేటర్, మట్టిరోడ్లు, తగలబెట్టే చెత్త. పొద్దున్నుంచి రాత్రిదాకా అక్కడే ఉండే బోయ్ ఆ గాలి పీలుస్తూనే ఎనిమిదేళ్ళు గడుపుతాడు.

2023లో రెండో నైజర్ వంతెన ప్రారంభమైంది, దశాబ్దాల పాటు ఎలక్షన్ హామీగా ఉన్నది చివరికి నిజమైంది. దీంతో పాత వంతెన మీద గంటల కొద్దీ ఇరుక్కునే బాధ తగ్గింది, ఇంకోవైపు లాగోస్ నుంచి ఒవెర్రి, పోర్ట్ హార్కోర్ట్ వైపు పోయే లారీ ఒనిచా మార్కెట్ ఏరియాలోకి రాకుండానే వెళ్ళిపోవచ్చు. ఇప్పటికే పెద్ద ఓగాలు చాలామంది లాగోస్‌లో అలాబా మార్కెట్‌లోనో ట్రేడ్ ఫెయిర్ మార్కెట్‌లోనో ఇంకో షాపు పెట్టుకున్నారు, కంటెయినర్ అక్కడే విప్పి సగం అక్కడే అమ్మేస్తున్నారు. కొనేవాడు ఫోన్లో ధర తెలుసుకుని నేరుగా లాగోస్ నుంచి వేయించుకోగలడు. ఒనిచాలో ఆగడానికి అతనికి మిగిలిన పెద్ద కారణం అక్కడ తనకి ముఖపరిచయం మీద సరుకు అప్పిచ్చేవాడు ఉండటం, నైరా కుదుటపడకపోతే ఆ అప్పే ముందు ఆగిపోతుంది, అప్పుడు మెయిన్ మార్కెట్ ఇప్పుడున్న హోల్‌సేల్ స్థాయి నుంచి చుట్టుపక్కల ఊళ్ళకి సరుకమ్మే పెద్ద రిటైల్ బజారు స్థాయికి దిగుతుంది, ఆ మార్పు కొన్ని సరుకుల్లో, ముఖ్యంగా ఎలక్ట్రానిక్స్‌లో, ఇప్పటికే మొదలైనట్టుంది, గుడ్డల్లో మాత్రం ఇంకా కాలేదు.